మూత మీద గుండ్రాయి

మా అమ్మాయి వంటింట్లో కుక్కర్ కూత వేసిందంటే చాలు, హాల్లో కూర్చున్న నేను ఉలిక్కిపడి గుండె మీద చేయి వేసుకుంటాను, అది చూసి మనవలిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వుకోనీ పాపం, వాళ్ళకేం తెలుసు. మొన్న ఆదివారం ఫోనులో ఆర్డరు పెడితే ఎవరో కుర్రవాడు తలుపు దగ్గర ఇచ్చిపోయిన పొట్లం విప్పి, అచ్చు పోసినట్టు ఒకే కొలతలో తరిగిన ఎర్రటి ముక్కలను కడిగీ కడగనట్టు కడిగి కుక్కర్లో పడేసి, నేను పేపరు చదవడం ముగించేలోగా పెద్దకూర వండి పెట్టింది మా అమ్మాయి. పెద్దకూర అంటే గొడ్డుమాంసమని మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. ముక్క నమలకుండానే గొంతు దిగిపోయింది, బాగుందమ్మా అన్నాను, కానీ ఇది ఏ భాగమే అని అడిగితే పొట్లం మీద రాసినది చూసి కర్రీ కట్ అని చెప్పింది. ఎద్దు ఒంట్లో కర్రీ కట్ అనే భాగం ఎక్కడుంటుందో మా అత్త బతికి ఉంటే అడిగి తెలుసుకునేదాన్ని.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో దొరికే కూర ఇలా లేతగా ఉండేది కాదు. కల్లావి, మత్తూరు పక్కల చేలల్లో ఏళ్ళ తరబడి కాడి మోసి, ఇక దున్నలేక సంతకు వచ్చిన ముసలి ఎద్దులే మా ఊరి కూర కొట్టుకు చేరేవి. అలాంటి కూరను పళ్ళున్న వాడు కూడా నమలలేడు, అటువంటిది మా అత్తకు పైన రెండు పళ్ళు, కింద మూడు పళ్ళు తప్ప నోట్లో ఏమీ మిగల్లేదు, అయినా పెద్దకూర లేని ఆదివారం ఆవిడకు ఆదివారమే కాదు. నేను మత్తూరు నుంచి కోడలిగా వచ్చేసరికి నాకు వంట అంటే చారు, సంగటి, అంతే. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాన్న ఏది వండితే అది తిని పెరిగినదాన్ని. కాబట్టి నాకు తెలిసిన వంటంతా మా అత్త పొయ్యి ముందు నేర్చుకున్నదే.

ఆవిడ కూరను కత్తితో ముట్టుకోకముందు కంటితో చదివేది. కొవ్వు పసుపు పచ్చగా ఉంటే ముసలిది, తెల్లగా ఉంటే వయసుది. వేలితో నొక్కి నార ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా కోసేది, నార వెంబడి కోస్తే ఎంత ఉడికినా పళ్ళ సందున ఇరుక్కుంటుందనేది. తొడకండ దొరికితే సన్నగా కోసి, బండ మీద వేసి కత్తి వెనకవైపుతో దంచి వేపుడు చేసేది. పక్కటెముకలైతే ఉలవలతో కలిపి పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నం దాకా సన్నసెగ మీద ఉండాలి, ఆ కట్టుతో చేసిన చారు సంగటిలో గుంట చేసి పోసుకుంటే మా ఆయన మాట్లాడేవాడు కాదు, తల ఎత్తేవాడు కాదు. నాలుకను ఉడకబెట్టి, వేడి మీదే పైనున్న గరుకు తోలు గీకి తీసేది. బోటికి సున్నపు నీళ్ళు, వేడినీళ్ళు, పసుపు, మళ్ళీ చన్నీళ్ళు, ఇన్ని స్నానాలు చేయిస్తే గాని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. కార్జానికి మాత్రం ఉప్పు చివర్లో, దించే ముందు వేయాలి, ముందు వేశావో చెప్పు తోలు తిన్నట్టే. ఇవన్నీ ఒక ఎత్తు, మెడకూర ఒక ఎత్తు. కాడి ఆనిన చోటు కదా, ఎద్దు ఒంట్లో అంత గట్టి కండ ఇంకోటి లేదు, చవకగా దొరికేదీ అదే, రుచి ఉన్నదీ అదే. దానికి పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి పట్టించి, గంటలకొద్దీ నానబెట్టి, ఎసట్లో కొబ్బరి చిప్ప పెంకు ఒకటి వేసి, మూత పెట్టి, ఆ మూత మీద మసాలా నూరే గుండ్రాయిని ఎత్తి పెట్టేది. ఆవిరి బయటికి పోకూడదు, అదీ సూత్రం. ఆ బరువు కింద కుండ గుడగుడమంటూ ఉడుకుతూ ఉంటే మా అత్త పక్కన కూర్చుని వక్క కొరుకుతూ, కుండతో తనకేదో చుట్టరికం ఉన్నట్టు దానికేసి చూస్తూ ఉండేది.

హోసూరులో కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్న కాలం అది. మా ఆయనకు ఒక కంపెనీలో మిషను మీద పని దొరికింది, నాకు ఇంకో చిన్న కంపెనీలో ప్యాకింగులో దొరికింది, మా మామ అప్పటికే లేడు గనక అత్తను కూడా వెంటబెట్టుకుని కల్లావి పక్కనున్న ఊరు వదిలి వచ్చేశాం. ఉద్యోగం దొరకడం సులువైంది గాని ఇల్లు దొరకడమే గగనమైంది. కాళ్ళరిగేలా తిరిగాం. గేటు దగ్గర నవ్వుతూ మాట్లాడిన వాళ్ళే మీరేమిటోళ్ళు అని అడిగి, మా ఆయన నీళ్ళు నములుతుంటే, ఇల్లు నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చేశామని లోపలికి పోయేవాళ్ళు. చివరికి పాత పేటలో ఒక విధవావిడ మమ్మల్ని అది అడగలేదు. ఆమెకు తానుండే ఇల్లు కాక వరుసగా మూడు పోర్షన్లు, మధ్యలో వాకిలి, వాకిట్లో గిలక బావి, బావి పక్కన బొప్పాయి చెట్టు. ఆ మూడిళ్ళ అద్దెలే ఆమెకు ఆధారం. ఎంతమంది ఉంటారు, నీళ్ళు పారబోయరు కదా, మాంసం వండుకుంటారా అని మాత్రం అడిగింది. తానూ ఆదివారం కోడి కోస్తానని చెప్పింది. మా ఆయన, మేమూ అంతేనమ్మా, కోడో మేకో అన్నాడు. పెద్దకూర మాట ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు, మా నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆ ఇంటిని చూసి మా ఆయన మురిసింది వేరు, నేను మురిసింది వేరు, మా అత్త మురిసింది బావిని చూసి. ఆవిడ పుట్టిన ఊళ్ళోనూ మెట్టిన ఊళ్ళోనూ మా వాళ్ళు బావి గట్టు ఎక్కడానికి లేదు. బిందెలు కింద పెట్టుకుని దూరంగా నిలబడాలి, పైనున్న వాళ్ళెవరైనా దయ తలచి తోడి పోస్తే పట్టుకోవాలి, పోయకపోతే పొద్దంతా నిలబడాలి. యాభై దాటిన ఆ మనిషి తన చేత్తో చేద వేసి, తన చేత్తో తాడు లాగి నీళ్ళు తోడుకోవడం బతుకులో మొదటిసారి హోసూరు ఇంటి బావిలోనే. అక్కర ఉన్నా లేకున్నా తోడేది. తోడిన నీళ్ళను బొప్పాయి చెట్టుకు పోసి మళ్ళీ తోడేది. నేను చేస్తానుండు అత్తా అంటే ఒప్పుకునేది కాదు, గిలక కిర్రుమంటుంటే ముఖం వెలిగిపోయేది. ఇంకేమీ వద్దు, చచ్చేదాకా ఈ బావి ఉన్న ఇంట్లో ఉంటే చాలని మా ఆయనతో ఎన్నిసార్లు అన్నదో. మా ముగ్గురికీ తెలుసు, ఆదివారం కుండలో ఏముందో ఆ వాకిట్లో తెలిసిన రోజున ఆ చేదతాడు ఆవిడ చేతిలోంచి పోతుంది.

అందుకని ఎన్ని జాగ్రత్తలు పడ్డామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. మా ఆయన తెల్లవారకముందే సైకిలు వేసుకుని ఊరి చివరి కొట్టుకు పోయి, కూరను మోదుగాకుల్లో చుట్టించి వైరు బుట్ట అడుగున పెట్టి, పైన ఆకుకూర కట్టలు పేర్చి తెచ్చేవాడు. ఎముకలు పెద్దవిగా ఉండకూడదని అక్కడే కొట్టించేవాడు. తిన్న తర్వాత ఎముకలను వాకిట్లో కుక్కకు వేసే యోగం కూడా లేదు, కాగితంలో చుట్టి షిఫ్టుకు పోతూ దారిలో ఎక్కడో పారేసేవాడు. నేను పుదీనా ఎక్కువ వేసి వాసన మార్చేదాన్ని. అన్నిటికన్నా పెద్ద విచిత్రం బొప్పాయి. మా అత్త వారం వారం పచ్చికాయ అడిగితే ఇంటావిడ సంతోషంగా కోసి ఇచ్చేది, మీకు ఇంత ఇష్టమేమిటక్కా అని, తానూ పప్పు వేసి కూటు చేసి గిన్నెలో పంపేది. ఆమె చేత్తో కోసి ఇచ్చిన కాయే మా మెడకూరను మెత్తబరుస్తోందని ఆమెకు తెలిస్తే ఏమవుతుందో అనుకుని నేను గిన్నె అందుకుంటూ తల దించుకునేదాన్ని. మా అత్త కంటే ఆమె చిన్నది, అయినా మా అత్త ఆమెను అమ్మా అని పిలిచేది, ఆమె మా అత్తను అక్కా అనేది. సాయంత్రాలు ఇద్దరూ బావి గట్టు మీద కూర్చుని ఒకే తమలపాకు చెరి సగం చించుకునేవాళ్ళు.

ఇంతలో మా ఇంటికి కుక్కర్ వచ్చింది. ఏడాదంతా సెలవు పెట్టకుండా పని చేసిన ఆడవాళ్ళకు మా కంపెనీ వాళ్ళు ఆయుధపూజ నాడు బహుమానంగా ఇచ్చారు. ఆ రోజుల్లో కుక్కర్ మా వాకిట్లో ఎవరికీ లేదు, ఇంటావిడకు కూడా లేదు, అందరూ వచ్చి దాని మూత తీసి, పెట్టి, తిప్పి చూసిపోయారు. నేను అన్నం, పప్పు వండి చూపించాను. కూత వేసినప్పుడల్లా మా అత్త రెండు అడుగులు వెనక్కి వేసేది. అన్నం ఉడికిందని అరిచి చెప్పే గిన్నెను ఎక్కడా చూడలేదని విసుక్కునేది. నువ్వు దాన్ని ముట్టుకోవద్దు అత్తా, నేనే చూసుకుంటానని గట్టిగా చెప్పి ఉంచాను, ఆవిడా తల ఊపింది.

ఆ ఆదివారం ఎండాకాలం. మా ఆయనకు ఓవర్‌టైము పడింది, తెల్లవారుజామునే కూర ఇచ్చేసి పోయాడు. ఆ రోజు ఆయనకు దొరికింది మెడకూర ఒక్కటే, అదీ కొట్టువాడు తొందరలో పెద్ద ఎముకతోనే ఇచ్చేశాడు. పొయ్యి మీద పెడితే సాయంత్రం దాకా ఉడకాలి, కిరసనాయిలుకు కరువుగా ఉంది, సరే కుక్కర్లో పెట్టేద్దామని నేనే అన్నాను. బొప్పాయి పట్టించి, నానబెట్టి, మూత బిగించి, పైన కూత వేసే బరువు పెట్టి, పంపు స్టవ్ మీదికి ఎక్కించి, ఇక బట్టలు ఉతుక్కుందామని బావి దగ్గరికి వచ్చాను. మొదటి కూత వినబడింది. పక్క పోర్షన్ ఆవిడ బియ్యం ఏరుకుంటూ, ఏం వదినా, ఈ రోజు కోడికి కూడా కుక్కరేనా అని నవ్వింది, నేనూ నవ్వాను. రెండో కూత వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాలి, రాలేదు. బాగా మండటం లేదేమో, పోయి పంపు కొట్టాలి అనుకుంటూ చీర పిండుతున్నాను.

అప్పుడు అయింది ఆ చప్పుడు. దీపావళికి అంతకన్నా పెద్ద టపాసులు విన్నాను గాని ఆ చప్పుడు నా ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. మా వంటింటి కప్పు మీది పెంకులు పైకి లేచి పడ్డాయి. మూత ఎటో ఎగిరిపోయింది, కుక్కర్ బోర్లపడి గుమ్మం దాటి వాకిట్లోకి దొర్లుకుంటూ వచ్చింది, దాని వెంట పులుసు, ముక్కలు, పొగ. చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. అత్త లోపలుందని గుర్తుకు రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను కదిలేలోపే ఇంటావిడ తన ఇంట్లోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి మా ఇంట్లోకి దూరింది, మా అత్తను నడుము పట్టి బయటికి నడిపించుకొచ్చింది. అత్త రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా కాలిపోయాయి. ముఖం బాగానే ఉంది, దేవుడి దయ. ఏడవడం లేదు, అరవడం లేదు, చేతులు ముందుకు చాపుకుని ఎవరివో చూసినట్టు చూసుకుంటోంది.

నేను ఏం చేశావు అత్తా, ఏం చేశావు అంటూ పిచ్చిదానిలా అదే మాట అంటుంటే ఆవిడ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినబడేలా చెప్పింది.

"అది ఊరంతటికీ చెప్తా ఉండాదే. వాసనంతా బయటికి పోతా ఉండాది. నోరు మూయిద్దామని గుండ్రాయి ఎత్తి పెట్టినాను."

కూత వేసే బరువు మీద గుండ్రాయి. జీవితమంతా మెడకూర మూత మీద పెట్టిన రాయినే పెట్టింది, అందులో ఆవిడ తప్పేముంది. ఆవిరి పోకూడదు, వాసన పోకూడదు, మన గుట్టు పోకూడదు, ఆవిడకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. ఆ జాగ్రత్తే మమ్మల్ని నట్టవాకిట్లో నిలబెట్టేసింది.

ఈలోగా పక్క పోర్షన్‌ల వాళ్ళందరూ గుమిగూడారు. ఒకరు సిరా పూయమన్నారు, ఒకరు పేడ పెట్టమన్నారు. ఇంటావిడ ఎవరి మాటా వినలేదు, నీళ్ళు, నీళ్ళు అంటూ తనే చేద వేసి తోడి, మా అత్త చేతుల మీద పోయడం మొదలుపెట్టింది. చేద తరవాత చేద. మా అత్త చేతులు చాచి తల వంచుకుని నిలబడింది, ఆమె బావి గట్టు మీద నిలబడి పై నుంచి పోస్తోంది. నేను పక్కన నిలబడి అది చూస్తున్నాను. అప్పుడు చూశాను, కుక్కర్‌లోంచి వచ్చి పడిన మెడ ఎముక ఒకటి బట్టలు ఉతికే బండ పక్కన పడి ఉంది. పిడికిలి కంటే పెద్దది. దాన్ని పక్క పోర్షన్ ఆవిడ చూసింది. చూసి, బియ్యం చేటను కింద పెట్టి, మెల్లగా లేచి నిలబడింది. మేకకైనా అంత ఎముక యాడిది అని తన మొగుడితో అన్న మాట వాకిట్లో అందరికీ వినబడింది. ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

ఇంటావిడ కూడా చూసింది. చేద పట్టుకున్న చేయి ఒక్కసారి ఆగింది. ఎముక వైపు చూసింది, నా వైపు చూసింది, మా అత్త వైపు చూసింది. మళ్ళీ చేద బావిలో వేసింది. అది నేను ఎదురుచూడలేదు. తిట్టి బయటికి గెంటుతుందనుకున్నాను, కనీసం చేద చేతిలోంచి వదిలేస్తుందనుకున్నాను. ఆమె బుగ్గల మీద చెమట కారిపోతుంటే, చేతులు చల్లబడే దాకా పోస్తూనే ఉంది. తర్వాత తన ఇంట్లోంచి ఉతికిన పాత నూలు చీర తెచ్చి, తడిపి, చేతులకు మెత్తగా చుట్టి, జట్కా పిలిపించి, మాతోబాటు ఎక్కి పెద్దాసుపత్రికి వచ్చింది. దారి పొడవునా మా అత్త తలను తన భుజానికి ఆనించుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆమె రోజూ పొద్దున గంజి తెచ్చి ఇచ్చేది. కాని లోపలికి వచ్చేది కాదు, గుమ్మం దగ్గర పెట్టి, చేతులెట్లా ఉన్నాయక్కా అని అక్కడి నుంచే అడిగి పోయేది. గిన్నె మేము కడిగి తిరిగి ఇవ్వబోతే, మీ దగ్గరే ఉండనీలే అనేది. మిగతా రెండు ఇళ్ళ వాళ్ళు మాతో మాటలు మానేశారు, నేను బావి దగ్గరికి పోతే బిందెలు తీసుకుని లోపలికి పోయేవాళ్ళు. మా అత్త కట్లు కట్టిన చేతులు ఒడిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తూ, చేతులు మానితే నీళ్ళు తోడొచ్చు అని రోజూ ఒకసారి అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

కట్లు విప్పే ముందే ఒక సాయంత్రం ఇంటావిడ వచ్చింది. వచ్చి గుమ్మం బయటే కింద కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, మా అత్త మొహం చూడకుండా చెప్పింది.

"అక్కా, మీరేం తిన్నా నాకు ఒకటే. కానీ ఆ రెండిండ్లోళ్ళు ఈ బావి నీళ్ళు ముట్టం, పోతామంటా ఉండారు. వాళ్ళు పోతే నేనెట్లా బతికేది?"

నాకు కోపం ఆగలేదు. చేద తరవాత చేద నీళ్ళు పోసిన మనిషేనా ఈ మాట అంటున్నది, భుజం మీద తల పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషేనా. ఏదో అనబోయాను. మా అత్త కట్లున్న చేయి ఎత్తి నన్ను ఆపింది.

"పోతాములేమ్మా. నువ్వేం చేస్తావు. బాధపడాకు."

ఇంటావిడ మాట కంటే అత్త అలా అనడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఒక్క నిష్ఠూరం లేదు, ఒక్క శాపం లేదు. ఊళ్ళో ఏళ్ళ తరబడి బిందె పట్టుకుని నిలబడి నేర్చుకున్న ఓర్పు అది, నాకు దాని మీద కూడా కోపమే వచ్చింది. మా ఆయన కెలవరపల్లి దారిలో ఒక రేకుల ఇల్లు చూసివచ్చాడు, ఆ చుట్టుపక్కల నీళ్ళు లేవు, వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడాలి. ఇక మాట్లాడుకోవడానికి ఏముంది.

సామాను ఎక్కించిన రోజు కూడా ఆదివారమే. టెంపో గేటు దగ్గర ఆగింది. నేను గిన్నెల బుట్ట పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి బావి చుట్టూ నలుగురైదుగురు మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి నిలబడి ఉన్నారు, మిగతా రెండు ఇళ్ళ వాళ్ళు, వాళ్ళు పిలిపించుకున్న కూలీలు. నీళ్ళు తోడి పారబోస్తున్నారు. బక్కెట తరవాత బక్కెట, తోడి వాకిట్లో పారబోస్తున్నారు. ఒకామె చేటలో పసుపు, సున్నం పెట్టుకుని పక్కన నిలబడి ఉంది. ఏం చేస్తున్నారో అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మేము తాకిన నీళ్ళన్నీ ఎత్తి పోసి, బావి ఎండగట్టి, పసుపు సున్నం చల్లి, కొత్తగా ఊరిన నీళ్ళు మాత్రం వాడుకుంటారన్నమాట. మా ఊళ్ళల్లో ఇలా చేస్తారని విన్నాను, కంపెనీలొచ్చిన ఈ టౌనులో, కుక్కర్‌ను చూసి ముచ్చటపడిన ఈ మనుషులు చేస్తారని కలలో కూడా అనుకోలేదు. కనీసం మేము గేటు దాటేదాకా ఆగలేదు.

ఇంటావిడ తన గుమ్మంలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది, కళ్ళు నేల మీదే. ఆ నీళ్ళు వాకిలి దాటి, గేటు కింద నుంచి వీధిలోకి, టెంపో చక్రాల కిందికి పారుతున్నాయి. మా అత్త గేటు దగ్గర ఆగింది. ఎండకు చేయి అడ్డం పెట్టుకోబోయి, కట్టు తగిలి ఆగిపోయి, అలాగే నిలబడి బావి వైపు చూసింది. నేను పద అత్తా, పద అని రెక్క పట్టి లాగుతున్నాను. ఆవిడ కదలకుండా అన్న మాట ఇది.

"ఎండాకాలం గదమ్మా. ఇన్ని నీళ్ళు పారబోస్తే ఊట మళ్ళా ఎప్పుడు వస్తాదో."

నేను ఆ రోజు వరకూ ఆవిడ ముందు ఏడవలేదు, టెంపోలో కూర్చుని ఊరి చివరిదాకా ఏడ్చాను.

ఆవిడ చేతులు మానాయి గాని తోలు ముడుచుకుపోయి కత్తి పిడి సరిగా పట్టుకోలేకపోయింది. రేకుల ఇంటి ముందు పీట మీద కూర్చుని, ఏ భాగం ఎలా కోయాలో, ఏది ముందు ఉడకాలో, ఏది దంచాలో నోటితోనే చెప్పేది, నేను చేసేదాన్ని. పెద్దకూర వండడం నేను నిజంగా నేర్చుకున్నది అక్కడే. అక్కడ మేము తలుపులు తీసే వండుకున్నాం, మా చుట్టూ ఉన్నవాళ్ళూ మాలాంటివాళ్ళే. కానీ బావి లేదు. పోయేదాకా ఆవిడ ఇంకే బావిలోనూ చేద వేయలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఉండే అపార్టుమెంటులో ఎన్ని ఇళ్ళున్నాయో, ఎవరేమిటోళ్ళో, ఎవరి కుక్కర్లో ఏముందో ఎవరికీ పట్టదు. నీళ్ళు పైనున్న ట్యాంకులోంచి గోడలోపల గొట్టాల్లోంచి అందరికీ ఒకేలా వస్తాయి, ఎవరు తాకారని అడిగే వాడు లేడు, పారబోసే వాడు లేడు. ఇదంతా మంచికే అనుకుంటాను, నా మనవలు ఆ వాకిలి చూడకపోవడమే నయం అనుకుంటాను. కానీ ఆ మంచిలోనూ నాకు ఏదో వెలితి. ఎదురింటావిడ మొహం నాకు ఇంకా సరిగా తెలియదు. మా ఇంట్లో ఎవరికైనా చేతులు కాలితే, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, చేద తరవాత చేద నీళ్ళు పోసే మనిషి ఈ అంతస్తులో ఎవరున్నారని ఒక్కోసారి ఆలోచిస్తాను. అలా పోసిన మనిషే మమ్మల్ని పొమ్మన్నదీ నిజమే. ఆవిడను తిట్టుకుందామంటే నోరు రాదు, తలుచుకుని దండం పెట్టుకుందామంటే చెయ్యి రాదు, ఇన్నేళ్ళయినా ఈ రెండిట్లో నాకు ఏదీ చేతకాలేదు.

హోసూరులోనే ఉన్నాను, ఆ పాత పేట ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఆటోలో పోతే సంత సంచీ నిండేలోపు పోయి రావచ్చు. ఆ బావికి ఊట మళ్ళీ ఎన్నాళ్ళకు వచ్చిందో నేను ఎవరినీ అడగలేదు.